పాత్ర నెఱిగి యిచ్చు విద్యుత్తు

మాటను మోయు తీగ వేఱు, దీపమును వెలిగించు తీగ వేఱు అను భావము మనకు చిరకాలముగా అలవాటైనది. మొదటిదానిని ముట్టుకొనుటకు ఎవరును జంకరు. రెండవదాని దరికి పిల్లలను పోనీయరు. కాని నేడు కార్యాలయములలోని టెలిఫోనులు, వీథి మలుపులయందలి కెమెరాలు, పైకప్పులకు బిగించిన వైర్‌లెస్ పరికరములు పెక్కుచోట్ల ఒకే సన్నని కేబులును నమ్ముకొని బ్రదుకుచున్నవి. కంప్యూటర్ల నడుమ సమాచారమును చేరవేయుటకై పుట్టిన ఈథర్‌నెట్ కేబులు అది. ఆ కేబులే వాటికి వార్తను తెచ్చును. ఆ కేబులే వాటికి ఆహారమును పెట్టును. ప్రక్కన వేఱొక ప్లగ్గు లేదు. ఈ ఏర్పాటును ఇంజనీర్లు పి.ఓ.ఇ. అని పొడి అక్షరములతో పిలుతురు. ఈథర్‌నెట్ మీదుగా విద్యుత్తు అని దాని యర్థము.

వార్తకై పుట్టిన తీగలో శక్తిని పంపుట ఎట్లు క్షేమమయ్యెను? ఆ కేబులు కొనకు ఎవరు ఏ యంత్రమును తగిలింతురో ముందుగా ఎవరికిని తెలియదు. నలుబది ఎనిమిది వోల్టులను కోరు కెమెరా తగులవచ్చును. ఆ వోల్టులు సోకినంతనే మాడిపోవు పాత కంప్యూటరును తగులవచ్చును. రెంటికిని ద్వారమొక్కటే. దానము చేయువానికి పాత్రాపాత్ర వివేకము కావలెనని మన పెద్దలు చెప్పుదురు. తీగలోని విద్యుత్తునకు ఆ వివేకము ఎట్లు అబ్బెనో చెప్పు కథ నూటయేబది యేండ్లకు పైబడినది. అది నష్టముతో మొదలయ్యెను.

1858వ సంవత్సరము ఆగస్టు నెలలో ఐర్లండునకును న్యూఫౌండ్‌లండునకును మధ్య అట్లాంటిక్ సముద్రగర్భమున తొలి తంతి కేబులు పూర్తియయ్యెను. ఆ నెల 16వ తేదీన విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడు బుకానన్‌నకు పంపిన 98 మాటల సందేశము చేరుటకు సుమారు 16 గంటలు పట్టెను. అయినను రెండు ఖండములును పండుగ చేసికొనెను. ఆ కేబులునకు విద్యుత్ వ్యవహారములను చూచినవాడు వైల్డ్‌మన్ వైట్‌హౌస్ అను నతడు. అతడు వృత్తిచేత వైద్యుడు. విద్యుచ్ఛాస్త్రమును స్వయముగా అభ్యసించినవాడు. సంకేతములు క్షీణముగా వచ్చుచున్నవని తలచి, పెద్ద ఇండక్షను చుట్టలతో సుమారు రెండు వేల వోల్టుల ఒత్తిడిని ఆ కేబులులోనికి పంపెను. తయారీలోను, పఱచుటలోను ముందే లోపములు చోటుచేసికొన్న కేబులది. ఆ దెబ్బకు దాని పైపూత మఱింత చెడి, సెప్టెంబరు మొదటి దినములకే మూగవోయెను. మూడు వారముల ముచ్చట ముగిసెను. ఆ పిమ్మట ప్రభుత్వమును కంపెనీయును కలిసి నియమించిన విచారణ సంఘము 1861లో తన నివేదికను వెలువరించెను.

ఇందుకు ప్రతిగా నిలిచిన దృష్టాంతము ఎనిమిదేండ్లకు దొరకెను. 1866లో క్రొత్త కేబులు పఱచిరి. అంతకు ముందటేడు నడిసముద్రమున తెగిపోయిన దానిని సైతము పైకి లాగి పూర్తిచేసిరి. అప్పుడు లాటిమర్ క్లార్క్ అను ఇంజనీరు ఆ రెండు కేబులులను న్యూఫౌండ్‌లండు కొనయందు కలిపించి, ఐర్లండు తీరమున వాలెన్షియాలో కూర్చుండెను. కుట్టుపని చేయువారు వ్రేలికి తొడుగుకొను వెండి తొడుగులో కొంచెము ఆమ్లమును పోసి, అందొక జింకు తునకను ఉంచెను. అదియే ఆతని బ్యాటరీ! దాని నుండి బయలుదేఱిన సంకేతము అట్లాంటిక్ సముద్రమును దాటి మరల వెనుకకు వచ్చి, విలియం థామ్సన్ నిర్మించిన సున్నితమైన అద్దపు గాల్వనోమీటరును కదల్చెను. రెండు వేల వోల్టులు చెఱచిన పనిని ఒక వ్రేలితొడుగు నెఱవేర్చెను. తీగయొక్క ఓర్పు నెఱుగక శక్తిని క్రుమ్మరించుట బలము కాదని ఇంజనీర్లు ఆనాడు తెలిసికొనిరి.

అయితే తంతి కేబులు మోసినది వార్తను మాత్రమే. అవతలి కొననున్న యంత్రమునకు తిండి పెట్టు భారము దానిపై లేదు. ఆ భారమును మొదట తలకెత్తుకొన్నది టెలిఫోను తీగ. 1876లో గ్రాహం బెల్ పేటెంటు పొందిన పిమ్మట కొన్నియేండ్లు టెలిఫోను గల ప్రతి యింటను ఒక బ్యాటరీ ఉండవలసి యుండెను. పిలుచుటకు పిడిని త్రిప్పవలెను. బ్యాటరీ నీరసించినచో మనుష్యుడు వచ్చి మార్చవలెను. 1890 దశకమున అమెరికాలో ఉమ్మడి బ్యాటరీ పద్ధతి వచ్చెను. బ్యాటరీలన్నియు ఎక్స్‌ఛేంజిలో నొక్కచోట నుండును; మాటను మోయు జంట తీగయే చందాదారుని పరికరమునకు విద్యుత్తును గూడ చేర్చును. కాలక్రమమున 48 వోల్టులు ఇందుకు వాడుక ప్రమాణమై స్థిరపడెను. పలుకుటకు చాలును, మనుష్యుని ప్రాణమునకు పెద్ద ముప్పు తేదు. బ్యాటరీ ధన ధ్రువమును భూమికి కలుపుట అలవాటయ్యెను. అట్లు చేసినచో నేలలోని రాగితీగ తుప్పునకు తక్కువగా లోనగును.

ఈ పద్ధతిలో ఒక మర్యాద దాగియున్నది. రిసీవరు కొక్కెముపై నున్నంతవఱకు పరికరములో నేకముఖ విద్యుత్తునకు దారి లేదు. గంటకు ముందొక కెపాసిటరు అడ్డుగా నుండును. చేయి రిసీవరు నెత్తగానే వలయము మూసికొని, కొన్ని పదుల మిల్లీఆంపియర్ల ప్రవాహము సాగును. ఆ ప్రవాహమే చందాదారుని కోర్కె. ఎక్స్‌ఛేంజి దానిని చూచి మేలుకొనును. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన సామెత. టెలిఫోను తీగలో నీ సామెతయే ధర్మమయ్యెను. ఇందువలన ప్రజలకు కలిగిన మేలు చిన్నది కాదు. గాలివానకు ఊరి దీపము లాఱినను, తీగ తెగకున్నచో టెలిఫోను పలికెడిది. ఇంటిలోని విద్యుత్తుతో దానికి పని లేదు. వైద్యుని పిలుచుటకును, అగ్నిమాపకదళమునకు కబురంపుటకును ఆ తీగయే దిక్కయ్యెను.

ఇరువదవ శతాబ్దమున ఈ సూత్రము రెండు దిక్కుల విస్తరించెను. ఒకటి సముద్రగర్భము. 1956 సెప్టెంబరు 25న ప్రారంభమైన తొలి అట్లాంటిక్ టెలిఫోను కేబులు స్కాట్లండులోని ఓబన్ నుండి న్యూఫౌండ్‌లండులోని క్లారెన్‌విల్‌నకు సాగెను. పోకకొకటి, రాకకొకటి, రెండు కేబులులు. ఒక్కొక్కదానిలో నీటి అడుగున 51 రిపీటర్లు. రిపీటరునకు మూడు వాల్వులు. వాటికి విద్యుత్తు తీరము నుండి ఆ కేబులుగుండనే పోవలెను. చెడినచో సముద్రములో దిగి బాగుచేయువారు లేరు. కావున రెండు తీరముల యందలి యంత్రములును ప్రవాహమును ఎప్పుడును ఒకే ప్రమాణమున నిలిపియుంచునట్లు ఏర్పఱచిరి. 1858 నాటి దూకుడు స్థానమున నీ సంయమము వచ్చెను. ఆ కేబులు 1978 వఱకు పనిచేసెను.

రెండవ దిక్కు మా రేడియో స్టూడియోలది. 1966లో నార్వే ప్రసార సంస్థ జర్మనీలోని నాయ్‌మన్ కంపెనీని ట్రాన్సిస్టరు మైక్రోఫోనును కోరెను. మాటను తెచ్చు తీగగుండనే దానికి విద్యుత్తు పోవలెనని షరతు పెట్టెను. ఆ స్టూడియోలలో అత్యవసర దీపములకై 48 వోల్టుల సరఫరా ముందే యుండెను. అందుచేత మైక్రోఫోనునకును 48 వోల్టులే నిర్ణయమయ్యెను. నేటికిని స్టూడియోలలో ఫాంటమ్ సరఫరా అని పిలువబడునది ఇదియే. ఇందలి యుక్తి మెచ్చదగినది. వార్తను మోయు తీగలు రెండింటికిని విద్యుత్తును సమానముగా నిత్తురు. రెండింటి మధ్య వోల్టేజి భేదము లేదు గనుక, విద్యుత్తు నక్కఱలేని సామాన్యమైన మైక్రోఫోను తగిలినను, వైరింగు సరిగ నున్నంతవఱకు, దానికి హాని లేదు. ఇచట పాత్రాపాత్రములను అడుగు పని లేదు, సమత్వమే కవచము. కాని తీగలలో నొకటి ముందుగా తగిలినను, వైరింగు తప్పినను ఆ కవచము తొలగును. సున్నితమైన రిబ్బను మైక్రోఫోనులను ఫాంటమ్ సరఫరా గల చోట కలుపునప్పుడు ఇంజనీర్లు జాగ్రత్త పడుట ఇందువలననే.

ఈథర్‌నెట్ పుట్టుక 1973 నాటిది. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో యందలి జిరాక్స్ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ మొదలగువారు కంప్యూటర్లను ఒకే లావుపాటి కేబులుకు కలుపు పద్ధతిని రూపొందించిరి. 1990లో మెలిపెట్టిన జంట తీగలపై ఈథర్‌నెట్ నడుచు ప్రమాణము వెలువడెను. అప్పటినుండి టెలిఫోను తీగను పోలిన కేబులే కార్యాలయముల గోడలలోనికి చేరెను. అందు నాలుగు జంటలు, అనగా ఎనిమిది తీగలు. ఆనాటి వేగములకు రెండు జంటలే చాలెను. తక్కిన రెండును ఊరకుండెను. ఆ దశకము చివర టెలిఫోను సంభాషణయే ఈ కేబులు మీదికి తరలుట మొదలయ్యెను. అప్పుడొక పాత మేలు చేజాఱునట్లు తోచెను. బల్లమీది క్రొత్త టెలిఫోను గోడ ప్లగ్గునకు కట్టుబడి యుండెను. విద్యుత్తు పోయినచో టెలిఫోనును పోవును. నూఱేండ్లుగా చీకటిలోను పలికిన తీగ, పురోగతి పేరున మూగపోవుట ఎవరు సహింతురు? 2000 సంవత్సర ప్రాంతమున కంపెనీలు తమతమ పద్ధతులలో ఈథర్‌నెట్ కేబులుగుండ విద్యుత్తు నిచ్చుటకు పూనుకొనెను.

ఇచటనే పెద్ద చిక్కు. టెలిఫోను తీగకు టెలిఫోనే తగులును. ఈథర్‌నెట్ ద్వారమునకు ఏదైనను తగులవచ్చును. అప్పటికే లోకమున నున్న అసంఖ్యాకములైన కంప్యూటర్లు, ముద్రణ యంత్రములు విద్యుత్తును ఎదురుచూచి నిర్మింపబడలేదు. పెక్కింటిలో ఊరకున్న జంటలు ఒక్కొక్కటి 75 ఓముల చిన్న రెసిస్టరుతో ముగియును. అట్టి రెండు జంటల నడుమ 48 వోల్టులను పెట్టినచో వలయపు నిరోధము 150 ఓములు. ప్రవాహము సుమారు ఆంపియరులో మూడవవంతు. వేడి 15 వాట్టులకు పైన. వాట్టులో కొంత భాగమును మాత్రమే ఓర్చు ఆ చిఱు రెసిస్టర్లు క్షణములో కాలిపోవును. గోడలోని ప్రతి ద్వారమునందును ఎల్లవేళల 48 వోల్టులు ఉంచుట అనగా, తగిలించిన ప్రతివాని సొత్తును పణముగా పెట్టుటయే.

2003 జూన్ నెలలో అమెరికాలోని విద్యుత్, ఎలక్ట్రానిక్ ఇంజనీర్ల సంస్థ ఐ.ఇ.ఇ.ఇ. ఆమోదించిన 802.3 ఏ.ఎఫ్. అను ప్రమాణము ఈ చిక్కును విడదీసెను. అందు విద్యుత్తు ప్రయాణము నాలుగు మెట్లలో సాగును.

మొదటి మెట్టు ప్రశ్న. సరఫరా చేయు స్విచ్చి 48 వోల్టులను బిగబట్టి, 2.7 నుండి 10.1 వోల్టుల లోపల చిన్న ఒత్తిడిని మాత్రమే పంపును. ప్రవాహము 5 మిల్లీఆంపియర్లకు మించనీయదు. ఆ మాత్రమునకు పాత కంప్యూటరులోని రెసిస్టరు చెక్కుచెదరదు. విద్యుత్తును కోరు పరికరములో 25,000 ఓముల నిరోధము గుర్తుగా నుండును. అది దాని ముద్రటుంగరము. స్విచ్చి ఒక్కసారి కొలిచి నమ్మదు. రెండు వేర్వేఱు వోల్టేజిల వద్ద కొలిచి, భేదమును లెక్కించును. ఉదాహరణకు 4 వోల్టుల వద్దను 8 వోల్టుల వద్దను కొలిచినచో ప్రవాహముల భేదము 160 మైక్రోఆంపియర్లు ఉండవలెను. దారిలోని డయోడులు కొంత వోల్టేజిని తినివేయును గనుక ఒక్క కొలత మోసపుచ్చును, భేదము మోసపుచ్చదు. ఫలితము 19,000 నుండి 26,500 ఓముల లోపల నున్నచో అంగీకరింపవలెను. 15,000 కంటె తక్కువైనను 33,000 కంటె ఎక్కువైనను నిరాకరింపవలెను. ఈ విచారణకు అరసెకను మించి పట్టదు.

రెండవ మెట్టు ఆకలి ఎంతయని అడుగుట. ఈమాఱు 15.5 నుండి 20.5 వోల్టుల ఒత్తిడిని పెట్టగా, పరికరము తన తరగతికి తగిన ప్రవాహమును తీసికొని చూపును. 10 మిల్లీఆంపియర్ల చాయనైనచో 3.84 వాట్టులు చాలును. 18 చాయనైనచో 6.49, 28 చాయనైనచో 12.95 వాట్టుల వఱకు కావలెను. ఏమియు చెప్పలేని పరికరమునకు పెద్ద పాలే కేటాయింతురు. దీనివలన స్విచ్చి తన నిలువను చూచుకొని, ఇచ్చిన మాటను నిలుపుకొనగలుగును.

మూడవ మెట్టు శక్తి నిచ్చుట. ఇదియు ఒక్కుమ్మడిగా జరుగదు. పరికరపు ముఖద్వారమున విద్యుత్తును నిలువ చేయు కెపాసిటరు ఖాళీగా నుండును. ఖాళీ కెపాసిటరు తొలి క్షణమున షార్టు సర్క్యూటుతో సమానము. దొరకినంత ప్రవాహమును మ్రింగజూచును. లంఖణములు చేసినవానికి తొలిపూట నిండు విస్తరి వడ్డింపరు, గంజితో మొదలుపెట్టుదురు. అట్లే స్విచ్చి ప్రవేశ ప్రవాహమును 400 నుండి 450 మిల్లీఆంపియర్ల కడ నిలిపివేయును. 180 మైక్రోఫారడ్ల కెపాసిటరు ఈ లెక్కన సుమారు 22 మిల్లీసెకనులలో నిండును. 50 నుండి 75 మిల్లీసెకనుల లోపల పరికరము కుదుటపడనిచో, లోపమున్నదని తలచి స్విచ్చి చేయి వెనుకకు తీసికొనును. పరికరమును తనవంతు ఓర్పు చూపును. వోల్టేజి తగినంత పెరిగిన పిమ్మటనే లోపలి తలుపు తెఱచును. ఆ తలుపు మూసికొను వోల్టేజిని అంతకంటె చాల దిగువను ఉంచుదురు. అట్లు గానిచో కేబులులోని చిన్న తగ్గుదలకే పరికరము వెలుగుచు, ఆఱుచు కొట్టుమిట్టాడును.

నాలుగవ మెట్టు ఉపసంహారము. దీనిని చాలమంది గుర్తింపరు గాని క్షేమమున కిది ప్రాణము. పరికరము తానున్నట్లు తెలుపుటకు కనీసము 10 మిల్లీఆంపియర్ల ప్రవాహమును మాటిమాటికి తీసికొనుచుండవలెను. అది 300 నుండి 400 మిల్లీసెకనులు ఆగినచో స్విచ్చి శక్తిని నిలిపి, మరల మొదటి ప్రశ్నకు వచ్చును. ఎవరైనను కెమెరాను ఊడదీసి వెంటనే కంప్యూటరును తగిలించినచో, కెమెరాకై వదలిన 48 వోల్టులు ఆ కంప్యూటరు మీద పడవు. ఇచ్చుట ఎఱిగినవానికి ఆపుటయు తెలియవలెను.

ఈ ప్రమాణపు అంకెలలో నిజాయితీయు కలదు. స్విచ్చి ఇచ్చునది 15.4 వాట్టులు, పరికరమునకు హామీ యున్నది 12.95 వాట్టులు మాత్రమే. తక్కిన 2.45 వాట్టులు ఏమయ్యెను? 100 మీటర్ల కేబులు రాకపోకల నిరోధమును 20 ఓములుగా తీసికొనిరి. అందు 350 మిల్లీఆంపియర్లు పాఱినచో సరిగా అంతయే వేడిగా పోవును. దారిబత్తెమును ముందే లెక్కలో వ్రాసిరన్నమాట.

ఆకలి పెరిగిన కొలది ప్రమాణమును పెరిగెను. 2009లో సరఫరా 30 వాట్టులకు చేరెను. ఆకలిని అడుగు ప్రశ్న రెండుసార్లు వినబడినచో పరికరము హెచ్చు శక్తిని తీసికొనవచ్చునను నియమము వచ్చెను. 2018లో నాలుగు జంటలును పాలుపంచుకొని, సరఫరా కొనయందు 90 వాట్టులు, పరికరమున 71.3 వాట్టులు అయ్యెను. అంకెలు ఆఱింతలయ్యెను గాని మొదటి ప్రశ్న మాత్రము మాఱలేదు. నేటికిని 10 వోల్టుల చాయకు మించని ఆ చిన్న తట్టుతోనే తలుపు తెఱచుకొనును.

ఇన్ని యేండ్ల అనుభవము తరువాతను అడుగక ఇచ్చు పరికరములు అంగడిలో దొరకుచున్నవి. కేబులులోనికి 24 వోల్టులనో 48 వోల్టులనో ప్రశ్న లేకుండ ఎల్లవేళల త్రోయు చవుక అడాప్టర్లు అవి. తమకు జతయైన పరికరముతో అవి చక్కగా పనిచేయును; వేఱొకదానికి తగిలినచో 1858 నాటి కథయే చిన్న రూపున మరల జరుగును. కావున కేబులును తగిలించుటకు ముందు రెండు పరికరముల మీదను ముద్రించిన ప్రమాణపు పేరును చూచుట మంచిది. 802.3 అను అంకె వెంట ఏ.ఎఫ్., ఏ.టీ., బీ.టీ. అను అక్షరములలో నేవి యున్నను అది అడిగి యిచ్చు జాతి. వోల్టుల సంఖ్య మాత్రమే వ్రాసియున్నచో జాగ్రత్త పడవలెను. అల్యూమినియముపై రాగిపూత పూసిన చవుక కేబులులను రాగి కేబులులుగా భ్రమపడరాదు. వాటి నిరోధము హెచ్చు గనుక ప్రమాణము వేసిన దారిబత్తెపు లెక్క తప్పును. పరికరము ప్రారంభము కానిచో మాటిమాటికి తీసి తగిలించుటకు బదులు, కేబులు పొడవును, కొనలను, సరఫరా తరగతిని చూడవలెను. స్విచ్చి నిరాకరించుట పెక్కుసార్లు లోపము గాదు. అది తన పనిని తాను చేయుట.

ఉమ్మడి బ్యాటరీ నాటి మేలును సైతము ఈ పద్ధతి తిరిగి తెచ్చెను. అంతస్తునకు ఒక్కటిగా నున్న స్విచ్చికి బ్యాటరీ అండ నుంచినచో, భవనము చీకటియైనను దాని కేబులుల కొనలనున్న టెలిఫోనులు ఆ బ్యాటరీ యున్నంతసేపు పలుకును. ఆసుపత్రి నడవలో నర్సు ఎత్తిన రిసీవరునకు అవతలి గొంతు వినబడుటకు వెనుక, అరసెకను పట్టని ఒక ప్రశ్నయు, 25,000 ఓముల ఒక ప్రత్యుత్తరమును ఉన్నవి. అట్లాంటిక్ గర్భమున నాడు కోల్పోయిన కేబులునకు లభించిన ఫలమని దీనిని చెప్పవచ్చును.